ఎర్రగుట్ట భూకంప సిద్ధాంతం

ఎర్రగుట్ట మీది గొర్రెలు విడివిడిగా పడుకోవడం మొదలుపెట్టాయి. మొత్తం చెడింది అక్కడే.

అంతకుముందు అవి ఒకదాని డొక్కకు ఇంకొకటి ఆనుకుని, పిల్లల్ని నడుమ పెట్టుకుని పడుకునేవి. అంచున ఉన్నది తుమ్మినా మందంతా లేచి నిలబడేది. గుట్ట పొట్టలో బొరియ తవ్వుకున్న నక్కకి ఈ పద్ధతి బొత్తిగా నచ్చేది కాదు. ఎప్పుడొచ్చినా పొట్టేలు కొమ్ములు చూసి ఖాళీ కడుపుతో వెనక్కి పోవడమే.

ఆ ఏడు వానలు వెనకబట్టాక గుట్ట అప్పుడప్పుడు కంపించసాగింది. పెద్దగా కాదు. గులకరాళ్లు దొర్లేవి, కాళ్లు వణికేవి. ఎందుకో మందలో ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం మందపెద్ద పొట్టేలుకి నామోషీగా ఉంది.

సరిగ్గా అప్పుడే నక్క పట్టపగలు, తల వంచుకుని, ఏదో దీర్ఘాలోచనలో ఉన్నట్టు నడుచుకుంటూ వచ్చింది. టౌన్లో కాలేజీ వెనక చెత్తకుండీ దగ్గర కొన్నాళ్లు గడిపి వచ్చిన నక్క అది.

"దగ్గరికి రాను, బెదరకండి," అంది దూరం నుంచే. "భూకంపం గుట్టు తెలిసింది, చెప్పిపోదామని వచ్చాను."

"చెప్పండి ఆచార్యా," అంది పొట్టేలు.

"ఆకాశంలో నక్షత్రాల గుంపులు ఒకదానికొకటి దూరం జరుగుతున్నాయి. నెట్టేది డార్క్ ఎనర్జీ. కంటికి కనిపించదు. ఇంతవరకు చదువుకున్నవాళ్లంతా ఒప్పుకున్నదే. ఇక్కణ్ణుంచి నా సొంత పరిశోధన. ఆ శక్తి భూమ్మీద కూడా అన్నిటినీ ఎడంగా నెట్టాలని చూస్తుంది. మీరేమో కొవ్వూ ఉన్నీ కలిపి ఒక్కచోట ముద్దగా పడుకుంటారు. అది నెడుతుంది, మీరు కదలరు. ఆ ఒత్తిడంతా ఎక్కడికి పోవాలి? కిందికే. అదీ భూకంపం."

కొవ్వు అన్నప్పుడు నక్క గుటక వేసింది. ఆ సంగతి బొల్లి ఒక్కతే గమనించింది. బొల్లి నడివయసు గొర్రె. దానికున్నదల్లా ఆ ఏడు పుట్టిన ఒక్క పిల్ల.

"కింద రాతిపలకలు జరిగితే కంపిస్తుందని బడి కిటికీలోంచి విన్నానే," అంది తుమ్మచెట్టు మీది కాకి.

నక్క జాలిగా నవ్వింది. "అది పుస్తకాల మాట. అంతకుమించి చెబితే వాళ్ల ఉద్యోగాలు పోతాయి."

పొట్టేలుకి అర్థమైంది తక్కువ, నచ్చింది ఎక్కువ. "నేనూ ఎప్పట్నుంచో ఇలాంటిదే అనుకుంటున్నాను," అంది. ఆ సాయంత్రం నుంచే గొర్రెకో పొద, పిల్లకో పొద.

కొద్దిరోజులకే పుల్లి అనే ఇంకో గొర్రెకున్న పిల్ల కనిపించకుండా పోయింది. పుల్లి గుట్టంతా అరుస్తూ తిరిగి, చివరికి నక్కనే అడిగింది.

"నీ పిల్లకేం కాలేదమ్మా," అంది నక్క మూతి నాక్కుంటూ. "దూరం జరిగింది, అంతే. విశ్వమే విస్తరిస్తుంటే నీ పిల్లొక లెక్కా?"

పుల్లి ఆ మాట పట్టుకుని బొల్లి దగ్గరికి వచ్చింది. "దూరం జరిగిందట వదినా. తిరిగొస్తుందంటావా?"

బొల్లి తన పిల్లని దగ్గరికి లాక్కుంది. పొద కింద రక్తం మరకా, నాలుగు పోచల బొచ్చూ అప్పటికే చూసింది. తిన్నగా పొట్టేలు దగ్గరికి పోయింది.

"ఇవాళ్టి నుంచి నా పిల్ల నా పక్కనే పడుకుంటుంది."

"నీ ఒక్కదాని మూలంగా గుట్ట కూలితే? అంత ముద్దయితే మంద వదిలి పో."

"మొన్న ఎడంగా పడుకున్నా కంపించింది కదా పెద్దాయనా."

"ఎడం చాల్లేదన్నారు ఆచార్యులు."

"నిన్న కంపించలేదు."

"చూశావా మరి, ఎడంగా పడుకోబట్టే."

కంపిస్తే తప్పు మందది, కంపించకపోతే గొప్ప నక్కది. ఇలాంటి మాటతో వాదించి గెలవడం కుదరదని బొల్లికి తెలిసిపోయింది. మంద వదిలిపోతే పిల్ల నక్కపాలు. ఉండి ఎడంగా పడుకోబెట్టినా నక్కపాలే. అందుకని వాదం మానేసి సిద్ధాంతం పక్షాన చేరిపోయింది.

"మీరన్నదే నిజం పెద్దాయనా. నాకే ఆలస్యంగా తలకెక్కింది. ఒక్క అనుమానం. మనమైతే పైన పడుకుంటాం. ఆచార్యులవారి సంసారం గుట్ట పొట్టలో, ఇరుకు బొరియలో, ఒకరి మీద ఒకరు. ఒత్తిడి అక్కడే ఎక్కువ పుట్టదూ?"

పొట్టేలు నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది. కొత్తగా నమ్మినవాడి ఆవేశం దానిది. మందనంతా వెంటేసుకుని బొరియ దగ్గరికి నడిచింది.

"ఆచార్యా, మీ పిల్లల్ని బయటికి పిలవండి. ఒక్కో బండ మీద ఒక్కొక్కరిని సర్దేద్దాం."

నక్క తడబడింది. "మాకది వర్తించదు."

"ఎందుకు వర్తించదండీ?" అంది బొల్లి వినయంగా.

"మాకు ఉన్ని లేదు కదా."

"నక్షత్రాలకి ఉందా?"

కాకి నవ్వింది. పొట్టేలు నవ్వలేదు. "గుట్ట కూలితే అందరం పోతాం," అంటూ కొమ్ములు వంచి బొరియ నోటిని కుమ్మసాగింది. మట్టి లోపలికి రాలి, నక్కపిల్లలు కుయ్యోమంటూ బయటికి ఉరికాయి. పొట్టేలు ఒకదాన్ని మూతితో నెట్టుకుంటూ అవతలి బండ వైపు తోలింది.

పిల్లల వెనకే ఆడనక్క వచ్చింది. "ఏమయ్యా, నోరు విప్పవేం? ఆ బండల మీద దుమ్ములగొండి తిరుగుతుంది. పసివాళ్లని ఒంటరిగా పడుకోబెడితే తెల్లారేసరికి మిగులుతారా? దగ్గర దగ్గరగా ఉంటేనే కదా బతికేది."

నక్కపిల్లని తోలుతున్న పొట్టేలు ఆగిపోయింది.

"ఆ చివరి మాట మళ్లీ చెప్పు తల్లీ," అంది పుల్లి.

తనేమన్నదో ఆడనక్కకి అప్పుడు తెలిసింది. మళ్లీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. ముందు పుల్లి కదిలింది, దాని వెనక మంద. పొట్టేలు కుమ్మిన కుమ్ముకి నక్క తుంటి మళ్లీ తిన్నగా కాలేదు. కుంటుకుంటూ, పెళ్లాం చేత తిట్లు తింటూ, పిల్లల్ని తోలుకుని గుట్ట దిగిపోయింది. సిద్ధాంతం ఇంకా ప్రయోగదశలోనే ఉందని దారిలో ఎవరితోనో అంటుండగా కాకి విన్నదట.

ఆ సాయంత్రం గొర్రెలన్నీ దగ్గర చేరాయి. "నాకు మొదట్నుంచీ అనుమానమే," అంది పొట్టేలు. పుల్లి వచ్చి బొల్లి పిల్లకి రెండో వైపున పడుకుంది. గుట్ట ఆ తర్వాతా అడపాదడపా కంపించింది. ఎందుకని అడిగితే బొల్లి తెలియదనేది.

తన పిల్లల మీద పెట్టని సిద్ధాంతాన్ని ఎదుటివాళ్ల పిల్లల మీద పెట్టేవాడు పరిశోధనకి రాలేదు, వేటకి వచ్చాడు.

గుట్ట మీదికి పండితులు ఆ తర్వాత కూడా వచ్చారు. ఎవరేం చెప్పినా, వాళ్ల పిల్లలు ఎక్కడ పడుకుంటున్నారో ముందు తను స్వయంగా వెళ్లి చూసి వచ్చాకే వినాలని బొల్లి నిర్ణయించుకుంది. బతికినన్నాళ్లూ అలా చూసి వచ్చాకే విన్నది.