అత్తగారి ఆటా, లోపలి మంగళవారం

అనగా అనగా, రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయే ఒక రాజ్యంలో వరహాలమ్మ అని ఒక మహారాణి ఉండేది. కొట్టుగది తాళాల గుత్తి ఎప్పుడూ ఆవిడ బొడ్డునే. కోడలు కుందనకి బెల్లంముక్క కావాలన్నా అత్తగారి ముందు నిలబడాల్సిందే. అత్తగారేమో కంప్యూటర్ ముందు కూర్చుని దయ్యాలకోట ఆట ఆడుతూ ఉండేది. ఇరవై గదుల కోట, గదికో దయ్యం. పంతొమ్మిది గదులు దాటింది. ఇరవయ్యో గదిలో గుండుదయ్యం చేతిలో పదకొండేళ్ళుగా ఓడిపోతోంది.

"ఈ గుండుదయ్యాన్ని గెలిచిన రోజు తాళాలు నీవేనే" అని కోడలు కాపురానికొచ్చిన రోజే మాటిచ్చింది. ఊఁ అనండర్రా. మున్నీ, నువ్వన్నావులే. మీ తమ్ముడు అనాలి.

అలా ఉండగా పాత కంప్యూటర్ ఒకనాడు పొగ వదిలి ఊరుకుంది. రాజుగారు కొత్తది తెప్పించారు. దానికి పసుపు రాశారు, బొట్టు పెట్టారు, హారతిచ్చారు. పాత ఆట పెడితే మాత్రం ససేమిరా అంది. నువ్వెవరో నాకు తెలీదు, పొమ్మంది.

ఆస్థాన కంప్యూటర్ పండితుడొచ్చాడు. ఆపి మళ్ళీ వెయ్యండి అన్నాడు. ఆపి మళ్ళీ వేశారు, రాలేదు. అయితే మళ్ళీ ఆపి, మళ్ళీ వెయ్యండి అన్నాడు. శాలువా కప్పించుకుని వెళ్ళిపోయాడు.

"ఆట లేదు, గెలుపూ లేదు. ఇక తాళాల మాట ఎత్తకు" అంది అత్తగారు. కుందన ఊరుకుంటుందా?

ఏం చేసిందనుకున్నారు? కొత్త కంప్యూటర్ లోపలే ఒక బుల్లి గది కట్టి, దానికి పాత కంప్యూటర్ వేషం వేసింది. ఆ గదిలో పదహారే రంగులు. గడియారం తొంభై ఎనిమిదో సంవత్సరానికి తిప్పేసింది. కాలం వెనక్కి తిరిగితే ఆట నమ్ముతుంది, ఆట నమ్మితే తెరుచుకుంటుంది, తెరుచుకుంటే అత్త ఆడుతుంది, అత్త ఆడితే గెలుస్తుంది, అత్త గెలిస్తే తాళాలు, తాళాలొస్తే బెల్లం!

ఆట తెరుచుకుంది. కానీ కొత్తదానిది గుర్రం పరుగు కదా! రాణిగారు మీట మీద వేలు పెట్టేలోపే గుండుదయ్యం ఆవిణ్ణి పద్నాలుగుసార్లు మింగేసింది. కుందన వేగం తగ్గించింది. ఈసారి దయ్యం గోడ పట్టుకుని నడిచింది.

"ఏమే, దీనికి జ్వరమా?"

"అబ్బే, ఇప్పుడే లేచిందండీ అత్తయ్యగారూ" అని కుందన వేగం కాస్త పెంచింది. కాస్తే.

అంతలో రాణిగారి చూపు తెర మూలన ఉన్న గడియారం మీద పడింది. గబుక్కున చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"మంగళవారం! మంగళవారం నేనేదీ మొదలుపెట్టను."

"ఇవాళ గురువారమండీ!"

"బయట గురువారం. లోపల మంగళవారం. నేను ఆడేది బయటా, లోపలా?"

 ఆ లోపలి గది కట్టింది కుందనేనాయె!

ఇక చూడండి, పాత పంచాంగం కోసం అత్తాకోడళ్ళిద్దరూ అటకెక్కారు. బూజు దులిపారు, తుమ్మారు. రాణిగారు ఏ పంచాంగమూ పారెయ్యదు, ఆ తొంభై ఎనిమిదిదే, బహుధాన్య నామ సంవత్సరానిది చెదలు కొట్టకుండా దొరికింది. వేళ్ళు లెక్కపెట్టుకుని ఒక మంచి బుధవారం తీసిందావిడ. కుందన గడియారాన్ని అక్కడికి తిప్పింది. రాణిగారు దణ్ణం పెట్టుకుని కూర్చుంది. కుందన కళ్ళు తాళాల గుత్తి మీదే. ఊఁ?

గుండుదయ్యం రానే వచ్చింది. రాణిగారు కుడికి గెంతింది, ఎడమకి గెంతింది, నెత్తిన ఒక్కటేసింది. ఢాం! దయ్యం గుండు పగిలి పూలు రాలాయి.

"చూశావా, ముహూర్తబలం!" అంది రాణిగారు, తాళాలు కోడలి బొడ్డున దోపుతూ.

"అవునండీ" అంది కుందన. వేగం సంగతి ఎత్తితే ఒట్టు.

మర్నాడు రాణిగారు పాయసానికి బెల్లం కావాలని వచ్చింది. కోడలు కంప్యూటర్ ముందుంది.

"ఒక్క నిమిషం అత్తయ్యగారూ, ఈ నాలుగో గది దాటనివ్వండి."

ఆ నిమిషం సాయంత్రం దాకా సాగింది. పాయసం రాత్రికి తిన్నారు, అయినా అందరూ రెండేసి గిన్నెలు తిన్నారు. అందుకే అంటాను, కొత్తిల్లు కట్టుకుంటే పాతవాటికీ ఒక బుల్లి గది ఉంచాలర్రా. కథ కంచి బస్సెక్కేసింది, మీరిక దుప్పట్లోకి దూరండి.