నడిమింట్లో వేరు

అనగనగా ఒక కొండ ఉండేది. ఆ కొండ పాదాల దగ్గర అడవి, అడవిని చీల్చుకుంటూ ఒక వాగు. ఆ వాగు ఒడ్డున బొరియ తవ్వుకుని ఒక ఏదుపంది కాపురం ఉండేది. దాని పేరు నూకాలు.

ఒక ఏడు వానాకాలం చివర్లో వాగు పొంగింది. నూకాలు బొరియ నీళ్ళలో కలిసిపోయింది. సామాను బయటికి తెస్తానని లోపలికి వెళ్ళిన ఆమె పెనిమిటి మళ్ళీ రాలేదు. ఇక మిగిలింది నూకాలు, ఆమె అత్త సన్యాసమ్మ. అప్పటికి నూకాలు కడుపుతో ఉంది. సన్యాసమ్మకి చూపు దాదాపు పోయింది. గొంతు వింటే తప్ప ఎదుట ఉన్నదెవరో తెలిసేది కాదు.

ఇద్దరూ ఏడుస్తూ, ఆగుతూ, కొండవాలు వైపు నడిచారు. అక్కడ ఒక పెద్ద ఇప్పచెట్టు కింద నక్కలు వదిలేసిన బొరియ కనిపించింది. లోపల ముక్కిపోయిన వాసన. నేలంతా చెమ్మ. గోడ మీద చెయ్యి వేస్తే మట్టి పొడిపొడిగా రాలింది. గుమ్మం ఎంత వెడల్పంటే గాలి నేరుగా లోపలికి వచ్చి కొడుతోంది.

"ఇందులో ఎలా ఉంటాం అత్తా?" అంది నూకాలు.

సన్యాసమ్మ లోపలికి వెళ్ళి, గోడలు తడుముకుంటూ మెల్లగా ఒక చుట్టు చుట్టింది. నడిమింట్లో ఆగిపోయింది. అక్కడ ఇప్పచెట్టు వేరు ఒకటి, నూకాలు నడుమంత లావుది, పైకప్పులోంచి దిగి నేలలోకి పోయింది. ముసలామె దానికి వీపు ఆనించి కూర్చుంది.

"ఉండొచ్చే అమ్మా. మిగతావి నిదానంగా బాగు చేసుకుందాం," అంది.

ఆ వేరు పక్కనే ఆమె పడక వేసుకుంది.

ఆ అడవిలో ఇల్లు బాగు చేయించుకోవాలంటే పనివాళ్ళు లేకపోలేదు. గిజిగాళ్ళు తడికలు అల్లిపెడతాయి. కందిరీగలు గోడలు మెత్తిపెడతాయి. కానీ ఊరికే ఎవరు చేస్తారు? తడిక ఒక్కదానికే గిజిగాడు బుట్టెడు కొర్రలు అడిగాడు. నూకాలు ఇంట్లో గుప్పెడు గింజలు కూడా లేవు.

"సరే, నేనే నేర్చుకుంటాను," అనుకుంది నూకాలు.

గిజిగాడు పని చేసే చెట్టు కింద కూర్చుని, అతను పుల్లకి పుల్ల ఎలా మెలేస్తున్నాడో చూసింది. ఈత ఆకులు చీల్చుకొచ్చి అల్లింది. మొదటి తడిక వంకరగా వచ్చి విడిపోయింది. రెండోది గుమ్మానికి చాలలేదు. మూడోది సరిపోయింది. ఎక్కడ వదులుగా ఉందో అక్కడ తన ఒంటి నుంచి రాలిన ముళ్ళనే మేకుల్లా గుచ్చింది.

చెమ్మ పోవడానికి కాలిపోయిన దుంగల దగ్గర్నుంచి బొగ్గు తెచ్చి నేలలో పరిచింది. దాని మీద వాగు ఇసుక పోసి తొక్కింది. ఎర్రమట్టిలో గడ్డితుక్కు కలిపి గోడలు మెత్తింది. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే వేళ్ళతో చిన్న చిన్న గూళ్ళు చేసింది. చేను గట్టున ఎవరో పారేసిన ఆనపకాయ బుర్ర తెచ్చి నీళ్ళ కుండ చేసుకుంది. బూరుగుచెట్టు కింద రాలిన దూది ఏరి పరుపు కుట్టింది. కుట్టడానికి సూది కూడా తన ముల్లే.

ఆ చలికాలమంతా ఆమెకి అదే పని. మట్టి తొక్కుతున్నంతసేపూ పెనిమిటి గుర్తుకొచ్చేవాడు కాదు. పని ఆపితే గుర్తుకొచ్చేవాడు. అందుకని పని ఆపేది కాదు.

వేసవి మొదట్లో పిల్లాడు పుట్టాడు. సన్యాసమ్మ వాణ్ణి ఒళ్ళో వేసుకుంది. తర్వాత, "వీడి ముక్కు వాళ్ళ నాన్నదే," అంది వేలితో తడిమి.

నూకాలు ఇల్లు బాగు చేసుకుందన్న మాట అడవిలో పాకింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు గోడలు నిమిరి చూసేవాళ్ళు. "ఇదంతా నీ చేతులతోనే చేశావా?" అనేవాళ్ళు. మొగుడు పోయాక నూకాలుని చూసి జాలిపడినవాళ్ళే తప్ప మెచ్చుకున్నవాళ్ళు లేరు. ఇప్పుడు ఆ మెప్పు ఆమెకి తియ్యగా ఉండేది. ఒకరు వెళ్ళగానే ఇంకొకరి కోసం గుమ్మం వైపు చూసేది.

పిల్లాడి బారసాల దగ్గరపడింది. పొరుగున ఉండే ముంగిస పైడమ్మ చూడ్డానికి వచ్చింది. గోడలు మెచ్చుకుంది, గూళ్ళు మెచ్చుకుంది, తడిక మెచ్చుకుంది. నడిమింట్లోకి వచ్చేసరికి ఆగింది.

"ఇల్లు చాలా బాగుంది వదినా. కానీ ఈ వేరు ఒక్కటే అడ్డం. బారసాలకి వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు? ఇది లేకపోతే నీ ఇల్లు రెండింతలు కనబడుతుంది," అంది.

పైడమ్మ వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం నూకాలుని వదల్లేదు. అంతవరకూ రోజూ చూస్తున్న వేరు, ఆ సాయంత్రం నుంచి కంట్లో నలుసులా అయింది.

"అత్తా, ఈ వేరు కొరికేస్తాను," అంది మర్నాడు.

సన్యాసమ్మ ఉలిక్కిపడింది. "వద్దే. పైనున్న మట్టినంతా అదే పట్టుకుని ఉంది. వాన పడ్డప్పుడు నేను దానికి చెవి ఆనించి వింటాను. బరువు దాని మీదికే వస్తుంది."

"నీకు ఆనుకోవడానికి కావాలని అలా అంటున్నావు."

"నాకోసం కాదమ్మా. నా మాట విను."

నూకాలుకి కోపం వచ్చింది. బారసాల పనులతో అలిసిపోయి ఉంది కూడా. "గోడలు మెత్తింది నేను. నేల చేసింది నేను. తడిక అల్లింది నేను. చూపు లేకుండా ఒకచోట కూర్చున్నదానివి, నీకేం తెలుసు ఈ ఇంటి సంగతి?" అంది.

 సన్యాసమ్మ లేచి, తన గడ్డి పడక చుట్టుకుని, తడుముకుంటూ వెనక మూలకి వెళ్ళిపోయింది.

ఏదుపంది పళ్ళకి వేరు ఎంత? పొద్దువాలేసరికి నూకాలు దాన్ని పైన కప్పు దగ్గర, కింద నేల దగ్గర కొరికేసి, ముక్కలు బయట పారేసింది. గుర్తులు కనబడకుండా ఎర్రమట్టి పూసింది. నిజంగానే ఇల్లు రెండింతలు కనబడింది.

బారసాల బాగా జరిగింది. అందరూ నడిమింట్లో కూర్చున్నారు. పిల్లాడికి అప్పలకొండ అని తాత పేరు పెట్టారు. ఆ పేరు వాడి చెవిలో చెప్పింది సన్యాసమ్మే. చెప్పి, మళ్ళీ తన మూలకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆమెతో కూర్చుని మాట్లాడినవాళ్ళు ఎవరూ లేరు. నూకాలు అది గమనించింది కానీ, వచ్చినవాళ్ళకి ఇప్పపూలు పెట్టే హడావుడిలో పట్టించుకోలేదు.

తర్వాత వానలు మొదలయ్యాయి.

మొదటి వానకి ఏమీ కాలేదు. 'చూశావా' అన్నట్టు నూకాలు అత్త వైపు చూసింది. చూపు లేని అత్తకి ఆ చూపు తెలియలేదు.

రెండో వానకి నడిమింటి కప్పులో వెంట్రుకంత బీట కనిపించింది.  నూకాలుకి అత్తతో చెప్పాలనిపించింది. చెబితే తన తప్పు ఒప్పుకున్నట్టే. అందుకని చప్పుడు చెయ్యకుండా ఎర్రమట్టి కలిపి బీట మీద మెత్తింది. మెత్తాక అది కనబడలేదు. కనబడకపోయేసరికి ఆమెకి ధైర్యం వచ్చింది.

కానీ సన్యాసమ్మకి పచ్చిమట్టి వాసన తెలిసింది. ఏ గోడా మెత్తని రోజుల్లో ఆ వాసన ఎందుకొచ్చిందో ఆమె పడుకుని ఆలోచించింది. నూకాలు బయటికి వెళ్ళాక, నడిమింట్లోకి వచ్చి, కప్పు నుంచి రాలుతున్న మట్టిని అరచేతిలో పట్టుకుని చూసింది. సరిగ్గా దాని కింద దూది పరుపు ఉంది. నూకాలు, పిల్లాడు పడుకునేది అక్కడే.

నూకాలు తిరిగి రాగానే ముసలామె అడిగింది. "అమ్మా, నాకీ మూల ఉక్కగా ఉంది. నేను నడిమింట్లో పడుకుంటాను. మీరిద్దరూ ఇటు రండి."

మూలకి మారిన దగ్గర్నుంచీ ఆమె ఏదీ అడగలేదు. ఇదే అడగడం. మెత్తటి పరుపు మీద మనసైనట్టుందని నూకాలు లోపల విసుక్కుంది. పైకి మాత్రం, "సరే, పడుకో," అంది. పిల్లాణ్ణి తీసుకుని మూలకి మారింది.

మూడో వాన విడవకుండా పట్టింది. ఒక మధ్యాహ్నం పిల్లాడు మూలలో నిద్రపోతున్నాడు. జల్లు లోపలికి కొడుతోందని నూకాలు గుమ్మం దగ్గర తడిక బిగిస్తోంది. వెనక నుంచి ధబ్బుమని చప్పుడు వచ్చింది. తిరిగి చూస్తే నడిమిల్లు లేదు. కప్పు మొత్తం కూలి, మట్టి గుట్టలా పడి ఉంది. గుట్టకి అవతల ఎక్కడో పిల్లాడి ఏడుపు, గొంతు నొక్కినట్టు, సన్నగా వినిపిస్తోంది.

నూకాలు తవ్వడం మొదలుపెట్టింది. ఆమె కేక విని పైడమ్మ పరుగున వచ్చింది. ఇద్దరూ తవ్వారు. ఎంత తీసినా పైనుంచి ఇంకా జారుతోంది. కొంత తవ్వేసరికి మట్టిలో సన్యాసమ్మ తల బయటపడింది. ముక్కులో, నోట్లో మట్టి. ఊపిరి మాత్రం ఉంది.

నూకాలు ఆమెని లాగబోయింది. ముసలామె తల అడ్డంగా ఊపింది.

"నన్ను తర్వాత తియ్యి. పిల్లాడు అటున్నాడు. ముందు అటు తవ్వు."

"అత్తా..."

"తవ్వమంటుంటే."

ఆమె పక్క నుంచే దారి తవ్వారు. మూల గోడ కూలలేదు. పిల్లాడు ఒళ్ళంతా దుమ్ముతో, దెబ్బ తగలకుండా దొరికాడు. వాణ్ణి బయటికి తెచ్చి పైడమ్మ చేతికిచ్చి, నూకాలు వెనక్కి పరిగెత్తింది. సన్యాసమ్మని బయటికి తీసేసరికి ఆమె వెనక కాళ్ళు రెండూ నలిగిపోయి ఉన్నాయి.

దగ్గర్లో ఉన్న ఒక బండరాతి కింద ముగ్గురూ తలదాచుకున్నారు. పైడమ్మ ఆకుపసరు తెచ్చిచ్చి, తలవంచుకుని నిలబడింది. "ఆ రోజు నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది వదినా," అంది.  మాట అన్నది పైడమ్మే అయినా, కొరికింది తన పళ్ళేనని నూకాలుకి తెలుసు.

పైడమ్మ వెళ్ళాక నూకాలు అత్త కాళ్ళకి పసరు రాస్తూ అడిగింది. "బీట ఉందని నీకు తెలుసా అత్తా?"

"తెలుసు."

"అందుకేనా చోటు మార్చుకున్నావు?"

ముసలామె ఊఁ అంది.

"మరి నాకు ఎందుకు చెప్పలేదు?"

 రాతి అంచు నుంచి నీళ్ళు బొట్టుబొట్టుగా పడుతున్నాయి.

"వేరు సంగతి ఒకసారి చెప్పాను కదమ్మా," అంది సన్యాసమ్మ. "మళ్ళీ చెబితే ఏమంటావోనని భయం వేసింది. నా కొడుకు లేడు. నువ్వు కూడా నన్ను వద్దనుకుంటే నేనెక్కడికి పోతాను?"

నూకాలు చేతిలో పసరాకు అలాగే ఉండిపోయింది. ఇల్లంతా తన చేతులతో చేసుకున్నానని ఆమె ఎందరికో చెప్పుకుంది. ఆ ఇంట్లోనే ఒక ప్రాణి నోరు విప్పడానికి భయపడుతూ బతికింది. ఆ సంగతి తనకి తెలియలేదు. ఆమె అత్త అరచేతిలో ముఖం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. సన్యాసమ్మ ఆమె వీపు నిమరబోయి, ముళ్ళు గుచ్చుకుంటే, నుదురు నిమిరింది.

సన్యాసమ్మ మళ్ళీ నడవలేదు. వానలు తగ్గాక నూకాలు కొత్త ఇంటికి చోటు వెతకడానికి బయల్దేరింది. పిల్లాడు వెనక నడిచాడు. అత్తని ఈతాకుల చాప మీద పడుకోబెట్టి, తన ముళ్ళు తగలకుండా పొడుగాటి నార తాడు కట్టి లాక్కుంటూ వెళ్ళింది. దారిలో చూసినవాళ్ళు, "ఆవిణ్ణి మా దగ్గర వదిలి వెళ్ళకపోయావా, ఎందుకీ శ్రమ?" అన్నారు.

"చోటు చూడాల్సింది ఆవిడే," అంది నూకాలు.

కొండకి అవతల గట్టు కింద ఒక చోట చాప ఆపింది. సన్యాసమ్మ నేలమీద అరచెయ్యి ఆనించింది. పిడికెడు మట్టి తీసి నలిపింది, వాసన చూసింది, చెవి నేలకి పెట్టి వింది. ఎండ ఎక్కుతోంది. పిల్లాడు ఆకలని గొడవ చేస్తున్నాడు.

"ఇక్కడ తవ్వనా అత్తా?" అని అడిగింది నూకాలు.

ముసలామె ఇంకా నేలకి చెవి ఆనించి వింటూనే ఉంది. ఆమె చెప్పేదాకా నూకాలు నేల మీద గోరు పెట్టలేదు.

నీతి: ఇంట్లో దేన్నైనా అడ్డమని తీసేసే ముందు అది మోస్తున్న బరువేమిటో కనుక్కోవాలి. అది తెలిసినవాళ్ళు మన పక్కనే ఉంటే, వాళ్ళు భయం లేకుండా చెప్పేలా చూసుకోవాలి.