సింగారి పెట్టిన షరతు

మొగలిపూల వాసనలో తేలిపోయే మొగలిదిన్నె రాజ్యానికి వీరభూపతి రాజు. ఆయనకు పోట్లాటలు చూడటమంటే మహా సరదా. ఒకరోజు గుడి పూజారి సోమయాజుల్నీ, చర్చి పాదిరి జకరయ్యనీ సభకు పిలిపించాడు.

“ఎవరి మతం గొప్పదో వాదించండి. ఓడినవాడి గుడికో చర్చికో తాళం!”

ఇద్దరి ముఖాలూ పాలిపోయాయి. గుడిలోనూ చర్చిలోనూ దీపాలకు నూనె పోసేది సింగారి. సాయంత్రం ఏటి నీళ్ళలో ఆ రెండు వెలుగులూ పక్కపక్కనే ఊగుతుంటే చూడటం ఆమెకు ప్రాణం. సభలో ఓ పక్కన నిలబడ్డ ఆమె గబగబా ముందుకొచ్చింది.

“ఎదుటాయన మాటేంటో తెలీకుండా వాదనేంటి దొరా? ముందు ఒకరి మతం ఇంకొకరు చెప్పాలి. విన్నాయన ‘అవును, మాది ఇదే’ అని తల ఊపాకే వాదన.”

“భేష్, అలాగే కానీ!” అన్నాడు రాజు.

“వీళ్ళు రాయికి మొక్కుతారు,” అన్నాడు పాదిరి.

“కాదు! వీళ్ళకే ముగ్గురు దేవుళ్ళు,” అన్నాడు పూజారి.

“కానే కాదు!” అన్నాడు పాదిరి.

“పోయి నేర్చుకుని రండి,” అని రాజు విసుక్కున్నాడు.

ఏడాది గడిచినా ఇద్దరూ రాలేదు. రాజే వెళ్ళి చూస్తే, పూజారిగారి అరుగు మీద పకపకా నవ్వుకుంటున్నారు.

“వాదన ఎప్పుడయ్యా?”

“నేను అంతా సరిగ్గానే చెప్పాను ప్రభూ. ఈయనే తల ఊపట్లేదు,” అన్నాడు పాదిరి.

పూజారి తన మెడ పట్టుకున్నాడు. “ఊపితే వాదన మొదలై, మా ఇద్దరిలో ఒకరి తలుపులకు తాళం పడుతుందని గుర్తొచ్చిన దగ్గర్నుంచీ నాకు మెడ పట్టేసింది ప్రభూ!”