నాలుగో చిల్లు

రాజుగారి రేవులో కొత్త పడవలు దించే ముందు వాటిని పరీక్షించే పని ఎవరో ఒకరికి అప్పగించాలి. ఎవరికో తేల్చుకు రమ్మని ఒక పరిశీలకుణ్ణి పంపారు. ఆయన కూతురు ఆ రేవులోనే పడవ నడుపుతుంది. పరీక్షలో పొరపాటు జరిగితే ముందు మునిగేది ఆ పిల్లే. పాపం, ఆయనకు మూడు రోజులుగా అన్నం సయించడం లేదు.

పరీక్షించేవాళ్ళని పరీక్షించడం ఎలా? ఆలోచించి ఆలోచించి, ఇంకా నీళ్ళు తాకని ఒక పడవకి మూడు చిల్లులు పెట్టి, వదులుగా మైనం కూరి, పైన రంగు పూశాడు. కాగితం మీద మూడు గడులు గీసుకున్నాడు. పడవని బండెక్కించి, కూతుర్ని వెంటబెట్టుకుని బయల్దేరాడు.

మొదటి పరీక్షాశాల పెద్దది. గోడల నిండా బిరుదులే. అక్కడి పెద్దమనిషి కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, "అయ్యగారూ, తమరు ఎన్ని దొరకాలనుకుంటున్నారు?" అన్నాడు. వచ్చినవారి మనసు ముందే కనుక్కోవడం అక్కడి ఆనవాయితీ. ఈయన మొహమాటపడి "మూడు" అనేశాడు. సాయంత్రానికి సరిగ్గా మూడు దొరికాయి. అబ్బ, ఏం పనితనం!

రెండోది ఒక పాక. అక్కడి ముసలమ్మ ఏమీ అడగలేదు. పడవని దుంగల మీదకెత్తించి, లోపల నీళ్ళు నింపి, కింద చతికిలబడి చూసింది.

"నాలుగు, బాబూ."

"మూడే కదమ్మా!"

"నువ్వు పెట్టినవి మూడేమో. కారేవి నాలుగు."

ఆయన బుర్ర తిరిగిపోయింది. తాను పెట్టని చిల్లు ఎలా ఉంటుంది? ముసలిదానికి చూపు ఆనలేదేమో. ఆనిందేమో! కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. నాలుగో గడి లేదు. ఎక్కువ చెప్పడమూ తప్పే కదా అనుకున్నాడు, కాదేమో అనీ అనుకున్నాడు. ఎటూ తేలక, చివరికి కాగితాన్నే నమ్మి పెద్ద పరీక్షాశాల పేరు రాసేశాడు. బండిని అక్కడికే తిప్పించాడు. వాళ్ళు మూడు చిల్లులూ గట్టిగా మూసి, ముద్ర కొట్టి ఇచ్చారు.

తండ్రీకూతుళ్ళు ఆ పడవలోనే ఏటి మీదుగా ఇంటిదారి పట్టారు. నడి ఏట్లో కూతురు తెడ్డు ఆపింది.

"నాన్నా, కాళ్ళు తడుస్తున్నాయి. అన్నీ మూయించావా?"

"మూడూ మూయించానే తల్లీ!"

ఆ పిల్ల దోసిళ్ళతో నీళ్ళు తోడిపోస్తోంది. ఆయన ఒళ్ళో కాగితం పరుచుకుని, ఆ నీళ్ళని ఏ గడిలో రాయాలో తెలియక అలాగే కూర్చున్నాడు.