దాలయ్య కూత

ఎప్పుడో, మన తాతల తాతలకి ఇంకా మీసాలు మొలవని కాలంలో, ఒక ఏరు ఉండేది. ఏటికి ఎగువన ఎగువపేట, దిగువన దిగువపేట, మధ్యలో ఒక లంక. లంక నిండా నిలువెత్తు రెల్లుగడ్డి. ఆ రెల్లు కోసుకుంటేనే ఇళ్లకి కప్పు. లేదంటే వానాకాలమంతా పిల్లాజెల్లాతో తడవడమే.

మరి ఎవరు కోసుకోవాలి? దానికోసం తలలు పగలగొట్టుకోకుండా పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. ఏటా ఎండాకాలంలో లంక ఇసుకలో రెండు పేటలవాళ్లూ చెడుగుడు ఆడాలి. గెలిచినవాళ్లది ఆ ఏడాది రెల్లు. వరసగా మూడేళ్లు గెలిస్తే లంక మొత్తం వాళ్లదే. ఇక ఆ తరవాత ఆటా లేదు, అడగడమూ లేదు.

దిగువపేట రెండేళ్లు వరసగా ఓడింది. మూడో ఏడు వచ్చింది.

దిగువపేటకి పెద్ద కూతగాడు దాలయ్య. ఏట్లో గుల్లలు ఏరి, బట్టీలో కాల్చి, సున్నం చేసి రెండు పేటల్లోనూ అమ్ముకునేవాడు. కూతంటే తెలుసుగా? ఊపిరి తియ్యకుండా "చెడుగుడు చెడుగుడు" అంటూ అవతలి బరిలోకి వెళ్లాలి, అందినవాణ్ణి ముట్టుకోవాలి, కూత తెగకుండా గీత దాటి రావాలి. తెగిందా, పోయి గట్టున కూచోవడమే. వయసులో ఉన్నప్పుడు దాలయ్య వెళ్తే ముగ్గుర్ని ముట్టుకుని నవ్వుకుంటూ వచ్చేవాడు. ఇప్పుడు జుట్టు నెరిసింది. మోకాళ్లు మాట వినడం మానేశాయి. అతనే కాదు, దిగువపేట నుంచి కూతకి వెళ్లినవాళ్లెవరూ తిరిగి రావడమే లేదు.

అయితే ఊరి కడుపు మండింది అందుకు కాదు. రెండేళ్లూ దాలయ్య గీత దాకా వచ్చి, "నా కూత తెగిందర్రా" అని తానే చెప్పి వెళ్లి గట్టున కూచున్నాడు. ఎవరికీ వినపడలేదు. ఎవరూ అడగలేదు. తానే చెప్పాడు!

ఇదిగో, ఇక్కడే అసిరమ్మకి అనుమానం వచ్చింది. అసిరమ్మకి అనుమానం వస్తే ఇక పోదు. పాలు పొంగితే పిల్లిని అనుమానించే మనిషి. పిల్లి లేకపోతే మొగుణ్ణి. ఆ మొగుడు పోయాక ఊరందర్నీ. ఆవిడ కొడుకు గవరయ్యా కూతగాడే. ఇంటి కప్పు చూస్తే ఆకాశం కనిపిస్తోంది. కోడలు నిండు చూలాలు. ఈ ఏడూ రెల్లు రాకపోతే పుట్టబోయే బిడ్డ తలమీదే వాన.

"ఎవరడిగార్రా ఆయన్ని? అమ్ముడుపోయాడు, అంతే!" అంది అసిరమ్మ.

అప్పట్నుంచి దాలయ్య వెనకే రెండు కళ్లు. ఒకనాడు అతను ఎగువపేటలో సున్నం అమ్మి, ఏదో మూట చంకన పెట్టుకుని వచ్చాడు. అసిరమ్మకి అనుమానం వచ్చింది. అతను స్నానానికి వెళ్లగానే మూట విప్పి చూసింది. ఏవో ఆకులు, చేదు వాసన.

"ఓరి నాయనో! మన కుర్రాళ్లకి పెట్టడానికి మందు తెచ్చాడు!" అని ఊరంతా చాటింది. అది దగ్గుకి వాడే అడ్డసరం ఆకని వైద్యుడు మొత్తుకున్నా వినిపించుకోలేదు.

ఇంకొకనాడు పొద్దున్నే దాలయ్య ఏటి ఒడ్డున ఒంటరిగా నిలబడి ఏదో గొణుగుతున్నాడు. అసిరమ్మకి మళ్లీ అనుమానం వచ్చింది. తుప్పల చాటున నక్కి వింది. "చెడుగుడు చెడుగుడు చెడు..." దగ్గు. మళ్లీ మొదటినుంచి. మళ్లీ దగ్గు. బట్టీ పొగ మింగి మింగి గుండెలు పాడైపోయాయని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. అసిరమ్మకి తెలియలేదు.

"ఏటి బావా, ఎవరితో ఆ మాటలు?" అని మీదికొచ్చింది.

"ఎవరితోనూ కాదమ్మీ. ఊపిరి ఎందాకా వస్తదో చూసుకుంటున్నాను."

"చూసుకో, చూసుకో. ఆటనాడు మాత్రం దానికి దగ్గొస్తది కామోసు!"

దాలయ్య నవ్వాడు. ఆ నవ్వుమీద కూడా అనుమానమే.

ఆవిడ గడపగడపకీ తిరిగి చెప్పగా చెప్పగా ఊరు నమ్మింది. పెద్దలు కూచుని మాట్లాడి, "ఈసారి కుర్రాళ్లు ముందు. దాలయ్య అందరికంటే వెనక" అన్నారు. దాలయ్య తల ఊపాడు.

ఆటరోజు వచ్చింది. రెండు పేటలూ లంకలోనే ఉన్నాయి. గవరయ్య కూతకి వెళ్లాడు, పట్టేశారు. వాడి తరవాతవాడు వెళ్లాడు, పట్టేశారు. ఒకరి వెనక ఒకరు అందరూ గట్టెక్కి కూచున్నారు. దిగువపేట బరిలో దాలయ్య ఒక్కడే మిగిలాడు. అవతల ఎగువపేటవాళ్లు ముగ్గురు, దున్నల్లాంటి వాళ్లు.

"అయిపోయింది మన బతుకు" అని అసిరమ్మ నెత్తి కొట్టుకుంది.

దాలయ్య వెళ్లాడు. చెడుగుడు చెడుగుడు చెడుగుడు. ఒకడు కాలు పట్టాడు. చెడుగుడు చెడుగుడు. ఒకడు నడుం పట్టాడు. చెడుగుడు. మూడోవాడు మీదెక్కి కూచున్నాడు. ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ, ఇసుకలో మొహం రాసుకుపోతూ పాకాడు ముసలాడు. చెయ్యి చాచాడు. వేళ్లు గీతకి తగిలాయి.

"తెగింది! మధ్యలోనే తెగింది!" అని ఎగువపేట అరిచింది.

"తెగలేదు!" అని దిగువపేట అరిచింది.

నిజానికి ఏటిగాలి హోరులో ఎవరికీ ఏమీ వినపడలేదు. కర్రలు లేచాయి. కత్తులు కూడా లేచేవే. అప్పుడు ఎగువపేట పెద్ద గంగునాయుడు మధ్యకొచ్చి చేతులు చాపాడు.

"ఆగండెహె! కొట్టుకోవడం దేనికి? దాలయ్యనే అడుగుదాం."

"మనమే ఓడిపోతాం కదయ్యా!" అన్నారు అతని మనుషులు.

"రెండేళ్లూ మనం వినకపోయినా తెగిందని తానే చెప్పాడు. అబద్ధమాడేవాడైతే ఆ రెండేళ్ల రెల్లూ వాళ్లకే పోయేది. ఏం దాలయ్యా, తెగిందా?"

"చెప్పేస్తాడు. తెగిందని చెప్పేస్తాడు మహానుభావుడు!" అని అసిరమ్మ పళ్లు నూరింది. దాలయ్య దగ్గాడు. నోట్లో ఇసుక ఉమ్మాడు. మళ్లీ దగ్గాడు.

"తెగలేదు నాయుడూ" అన్నాడు.

"అయితే తెగలేదు" అన్నాడు గంగునాయుడు. అంతే. వెనక్కి తిరిగి తనవాళ్లని తీసుకుని వెళ్లిపోయాడు.

దిగువపేట ఎగిరి గంతులేసింది. అసిరమ్మకి మాత్రం అనుమానం వచ్చింది. పడవలోనే అడిగింది. "బావా, నిజంగా తెగలేదా?"

"చెప్పాను కదమ్మీ."

కొత్త రెల్లుతో ఇల్లు కప్పారు. కింద ఉయ్యాల్లో మనవరాలు పొడిగా నిద్రపోతోంది. అదృష్టం చూసి సంతోషపడాలా వద్దా? ఆవిడ మళ్లీ వెళ్లింది. "బావా, నాకొక్కదానికే చెప్పు. తెగిందా?"

"చెప్పాను కదమ్మీ."

వానలు వెనకబట్టాక ఒక తెల్లవారుజామున ఆవిడకి నిద్రపట్టక మూడోసారి బయల్దేరింది. ఈసారి చెప్పించుకునే రావాలనుకుంది. వెళ్లేసరికి దాలయ్య బట్టీ పక్కన గోడకి ఆనుకుని ఉన్నాడు. పిలిచింది. పలకలేదు. భుజం తట్టింది. చల్లగా ఉంది. అసిరమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

శవం దగ్గరికి రెండు పేటలూ వచ్చాయి. గంగునాయుడు పాడె ముందుకొమ్ము పట్టాడు. నడుస్తుండగా ఎగువపేట కుర్రాడొకడు పక్కవాడితో గుసగుసలాడాడు. "ఆరోజు కూత తెగే ఉంటుందిరా. ముసలాడు మనల్ని ముంచాడు."

అసిరమ్మ విననే వింది. గిరుక్కున తిరిగింది.

"నువ్వు విన్నావేట్రా?"

"లేదు."

"నేనూ వినలేదు. దాలయ్య తెగలేదన్నాడు. తెగలేదు!"

గవరయ్య వాళ్లమ్మ మొహంలోకి వింతగా చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఒకరి మాట నమ్మడం వాడు చూడలేదు మరి.

ఆ ఏటి వారన ఇప్పటికీ చెడుగుడు ఆడతారు. గీత దాటి వచ్చినవాణ్ణి, "తెగిందా?" అని ఒక్కసారే అడుగుతారు. వాడు ఏది చెబితే అదే. రెండోసారి అడిగినవాణ్ణి ఎవరైనా సరే ఆటలోంచి లేపేసి గట్టున కూచోబెడతారు.