కండె చుట్టడం రాని బాబా

"ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అని అడగ్గానే కస్తూరి గారు లేచి నిలబడ్డారు.

"ఐదేళ్ళ తర్వాత మా అమ్మాయికి ముప్పై ఒకటి వచ్చేవి బాబూ," అన్నారు. బ్యాగు తీసుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

ఆ ప్రశ్న అడిగినాయన విద్యాసాగర్. చెడ్డవాడు కాదండీ, ఆ మాట ముందే చెప్పాలి. ఇరవై రెండేళ్ళు పెద్ద కంపెనీలో హెచ్ఆర్ చూశాడు. ఇంటర్వ్యూకి వచ్చిన ప్రతివాణ్ణీ అదే ప్రశ్న అడిగేవాడు, అది నోటికి అలవాటైపోయింది. రెండేళ్ళ కింద ఆయన భార్య సుభాషిణి ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి పడిపోయింది. అప్పుడాయన వేరే ఊళ్ళో మీటింగులో ఉన్నాడు. వచ్చేసరికి అంతా అయిపోయింది. మూడో నెల తిరక్కుండా రాజీనామా ఇచ్చేశాడు. తనలాగా విరిగిపోయినవాళ్ళకి తోడుంటానని కోచింగ్ నేర్చుకుని, లైఫ్ కోచ్‌గా బోర్డు పెట్టాడు, వేదికలెక్కి తన కథే చెప్పేవాడు. ఆ కుర్చీ వదలడానికి ఎంత గుండె కావాలో ఒకసారి ఆలోచించండి. నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే.

కానీ కూతురు పోయిన దుఃఖంతో తన దగ్గరికి వచ్చిన కస్తూరి గారు అలా వెళ్ళిపోయాక ఆయనకి నిద్ర పట్టలేదు. ఇటు పాత కంపెనీవాళ్ళు తిరిగి రమ్మంటున్నారు, సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. శనివారం పొద్దున్నే బస్సెక్కి చీరాల పక్కన నేతపేటకి, మీరావలి బాబా దగ్గరికి వెళ్ళాడు.

బాబాకి డెబ్బై దాటాయి. చిన్న దర్గా ఒకటి చూసుకుంటూ ఉంటారు. భార్య పోయినప్పటినుంచీ విద్యాసాగర్‌కి ఆయనే గురువు.

అంతా విని బాబా ఏమన్నారంటే, "టిఫిన్ చేశావా?"

"చేశాను బాబా. నేను ఈ పనికి పనికొస్తానా రానా, అది చెప్పండి. రానంటే సోమవారం పోయి మళ్ళీ ఆఫీసులో కూర్చుంటా."

"సోమవారానికి ఇంకా రెండ్రోజులుందిగా. వీరాస్వామి ఇంటికి పోతన్నా. వస్తావా?"

దారిలో చెప్పారు. వీరాస్వామి మగ్గం నేస్తాడు. భార్య అంజమ్మ పోయి నెల దాటింది. నలభై రెండేళ్ళు ఆమె నూలు చుట్టి ఇస్తే ఆయన నేశాడు. ఇప్పుడు మగ్గం మీద చీర సగంలో ఆగిపోయి ఉంది. మనిషి నోరు విప్పట్లేదు.

వెళ్ళేసరికి వీరాస్వామి, నేసేటప్పుడు కాళ్ళు దించుకునే మగ్గం గుంట అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. వీళ్ళని చూసి తలూపాడు, అంతే. కోడలు మంచినీళ్ళు తెచ్చిచ్చి లోపలికి పోయింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ కాసేపు విద్యాసాగర్‌కి భరించడం కష్టమైపోయింది.

"మీ బాధ నాకు అర్థమవుతుందండీ. నా భార్య కూడా..." అని మొదలుపెట్టాడు. మొత్తం చెప్పాడు. మీటింగు, ఫోను, విమానం, ఆస్పత్రి. రెండొందల వేదికల మీద చెప్పినదే కదా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు, ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గించాడు.

"ఊఁ," అన్నాడు వీరాస్వామి.

బాబా మెల్లగా లేచి, మూలన ఉన్న రాట్నం ముందు చతికిలబడ్డారు. అంజమ్మ కూర్చునే చోటది. నెలరోజులుగా ఆ రాట్నాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పక్కన బుట్టలో ఉన్న కండె ఒకటి తీసుకున్నారు. కండె అంటే, మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్ల, దానికి నూలు చుట్టాలి. రాట్నానికి తగిలించి తిప్పారు.

పుటుక్కున దారం తెగింది.

వీరాస్వామి తల తిప్పాడు.

బాబా ముడేసి మళ్ళీ తిప్పారు. మళ్ళీ తెగింది. మూడోసారి దారం తెగలేదుగానీ కండె మీద ఒక పక్కకే గుట్టలా పోగుపడింది.

"బాబా, ఇది ఊదుపొగ వేసినట్టు కాదు, వదిలెయ్," అన్నాడు వీరాస్వామి.

"నూలే మంచిది కాదేమో," అన్నారు బాబా.

"నూలుకేం రోగం! పొడి నూలు లాగితే తెగదా? తడపాలి ముందు. ఆ గిన్నె ఎందుకుంది అక్కడ?"

బాబా కోడలు ఇచ్చిన మంచినీళ్ళు ఆ గిన్నెలో పోసి, నూలు మొత్తం ముంచి పిసికారు.

"అయ్యో, అన్నం పిసికినట్టు అట్టా పిసుకుతావేంది! తడిసీ తడవనట్టు ఉండాలి. లే, లెగు ముందు." వీరాస్వామి గుంటలోంచి కాళ్ళు పైకి తీసుకున్నాడు. వచ్చి పక్కన కూర్చున్నాడు. "చూపుడువేలికి గుడ్డపీలిక కట్టుకోవాలి, లేకపోతే కోసుకుపోద్ది. అంజమ్మ అయితే నా పాత లుంగీ చించి కట్టుకునేది. కొత్త గుడ్డ ఇస్తే పనికిరాదనేది. పాతదైతేనే దారం కదలిక వేలికి తెలుస్తదంట."

అక్కడ ఆగిపోయాడు.

బాబా చూపుడువేలు ముందుకు చాపి, "నాకూ కట్టు," అన్నారు.

వీరాస్వామి కట్టాడు. కడుతూనే చెప్పడం మొదలుపెట్టాడండీ. పెళ్ళైన కొత్తలో అంజమ్మకీ చుట్టడం రాదంట. ఆమె చుట్టిన కండెలు వదులుగా ఉండి నాడెలో చిక్కుపడుతుంటే ఈయన తిట్టేవాడంట. ఒకరోజు ఆమె బుట్టెత్తి కండెలన్నీ ఈయన ఒళ్ళో కుమ్మరించి, "నువ్వే చుట్టుకో, నేను నేస్తా," అందంట. నిజంగానే గుంటలోకి దిగిందంట. జానెడు నేసిందంట కూడా.

"ఎట్టా వచ్చింది?" అన్నారు బాబా.

"గోతాం లాగా వచ్చింది!" అని వీరాస్వామి నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కోడలు గుమ్మం దాకా వచ్చి, తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

చాలాసేపటికి ఆయన కళ్ళు తుడుచుకుని విద్యాసాగర్ వైపు చూశాడు. "నువ్వూ రా బాబూ. నీ ఏసీ చేతులకి ఎంతవరకు వస్తదో చూద్దాం."

విద్యాసాగర్ రాట్నం ముందు కూర్చున్నాడు. తెంపాడు. ముడేశాడు. మళ్ళీ తెంపాడు. వీరాస్వామి విసుక్కోలేదు. చెయ్యి పట్టుకుని తిప్పిస్తూ, "మీ ఇంటామె ఏం చేసేది?" అని అడిగాడు.

"బ్యాంకులో..."

"ఉద్యోగం కాదయ్యా. ఇంట్లో, నీకు."

రెండేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. సుభాషిణి ఎలా పోయిందో ఆయన రెండొందల సార్లు చెప్పాడు. ఎలా ఉండేదో ఒక్కసారీ చెప్పలేదు.

"నేను ఊరెళ్తుంటే పెట్టె సర్దేది," అన్నాడు మెల్లగా. "సాక్సులు బూట్లలో కుక్కేది. చొక్కాలు చాపలా చుట్టేది. ఏం చేసేదో, ఎంత పెట్టినా మూత పడేది. ఇప్పుడు నేను సర్దితే పడట్లేదు. దాని మీద ఎక్కి కూర్చుంటాను. అయినా పడట్లేదు..."

ఎక్కడ ఆగాలో ఈసారి ఆయనకి తెలియలేదు.

వీరాస్వామి "అర్థమైంది" అనలేదు. రాట్నం మీద చెయ్యి అట్లాగే ఉంచి, కూర్చున్నాడు.

బయటికి వచ్చేసరికి ఎండ బాగా ముదిరింది. వీధి మలుపులో విద్యాసాగర్ ఆగి ఫోన్ తీశాడు. కస్తూరి గారికి చేశాడు.

"అమ్మా, నేను విద్యాసాగర్‌ని. ఆరోజు అడగకూడనిది అడిగాను. సోమవారం మీ ఇంటికి రావచ్చా? ప్రశ్నల కాగితాలేవీ తేను. మీ అమ్మాయి గురించి వింటాను."

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. విద్యాసాగర్ కూడా ఏమీ మాట్లాడలేదు, ఆగాడు.

"పొద్దున్నే రండి," అన్నారావిడ. "దాని గది చూపిస్తాను."

ఫోన్ జేబులో పెట్టుకుని విద్యాసాగర్ గబగబా నడిచి బాబాని అందుకున్నాడు. మెదడు తొలిచేస్తున్న మాట ఒకటుంది, అడక్కుండా ఉండలేకపోయాడు.

"బాబా, ఇన్నేళ్ళుగా ఈ పేటలోనే ఉన్నారు. కండె చుట్టడం మీకు నిజంగానే రాదా?"

బాబా వేలికున్న గుడ్డపీలిక విప్పుకుంటున్నారు.

"ఈ పేటలో పదకొండు ఇళ్ళల్లో నేర్పారు అబ్బాయ్," అన్నారు. "ఇట్టాంటి ఇంకో ఇంట్లో కూర్చుంటే మళ్ళీ రాదు."