గంభీరరాజు చేపల వేట

అనగా అనగా ఒక రాజ్యం, ఆ రాజ్యానికో రాజు. పేరు గంభీరరాజు. పేరుకి తగ్గ గొంతు. ఆయన మెల్లిగా మాట్లాడితే వీధి చివరిదాకా వినబడేది, గట్టిగా మాట్లాడితే ఇక చెప్పక్కర్లేదు. ఊ కొట్టండర్రా. మీరు ఊ కొట్టకపోతే నేనెవరికి చెప్తున్నట్టు?

ఆ రాజుగారికి ఓనాడు విసుగు పుట్టింది. సింహాసనం మీద కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది, తగవులు తీర్చి తీర్చి తల వాచిపోయింది, నాలుగు రోజులు ఏ గొడవా లేకుండా ఏటి ఒడ్డున కూర్చుని చేపలు పట్టుకుంటానన్నాడు. దానికేం కావాలి? ఒక గాలం, నాలుగు వానపాములు. కానీ రాణిగారు నేనూ వస్తానంది. పెద్దకొడుకు నేనూ అన్నాడు. మంత్రి, నేను లేకపోతే ఎలా అన్నాడు. రుబ్బురోలు ఒక బండి, ఊరగాయ జాడీలు ఒక బండి, పరుపులు ఒక బండి, అలా పదహారు బళ్ళు. విశ్రాంతికిట! నవ్వకు బాచీ, మొన్న రెండ్రోజులకి అరకు వెళ్తూ మీ నాన్న కుక్కరు పెట్టుకోలేదూ? అదే బుద్ధి.

చిన్నకొడుకు కోట కాపలాకి ఉండిపోయాడు గానీ, ఆయన పెళ్ళాం నాంచారు నాలుగేళ్ళ కూతుర్ని చంకనేసుకుని వీళ్ళతో బయల్దేరింది. నాంచారు పుట్టి పెరిగింది ఏటి ఒడ్డునే. చేప ఎప్పుడొస్తుందో, ఎందుకు రాదో ఆ పిల్లకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. తెలిసి ఏం లాభం? ఆ ఇంట్లో రెండు కట్టుబాట్లు ఏడిశాయి. ఒకటి, రాజుగారు విస్తరి ముందు కూర్చుంటేగానీ మిగతావాళ్ళు మెతుకు ముట్టకూడదు. రెండోది, కోడలు మామగారి ఎదుట పడి నోరెత్తకూడదు. ఎత్తిందా, మర్నాడే బండెక్కించి పుట్టింటికి పంపేస్తారు. ఎవరు పెట్టారో ఆ కట్టుబాట్లు, వాళ్ళనిప్పుడు పట్టుకుని నాలుగు దులపాలనుంటుంది నాకు.

సరే, ఏటి ఒడ్డున దిగారు. దిగీ దిగగానే రాజుగారు ఒట్టు పెట్టుకున్నాడు, నా చేత్తో పట్టిన చేప పులుసు కలుపుకుంటేగానీ ముద్ద ముట్టనని. మీసం మెలేసి గాలం వేశాడు. వేసి ఊరుకుంటే ఏ గొడవా లేదు. బెండు కదిలిందని ఒక కేక, కదల్లేదని ఇంకో కేక. చేపల్ని రమ్మని పిలిచాడు, రాలేదని తిట్టాడు. మధ్యాహ్నమైంది, చేప లేదు. పొద్దుగూకింది, చేప లేదు. వంటవాళ్ళు కుండల మీద మూతలు తియ్యలేదు. పిల్లదానికి ఇన్ని పాలు పట్టి పడుకోబెట్టారు.

రెండోనాడు పొద్దున్నే నాంచారు అత్తగారి దగ్గరికెళ్ళి, మామగారిని మాట్లాడకుండా కూర్చోమనండి, చేప అదే వస్తుంది అని చెప్పింది. రాజుగారిని నోరు మూసుకోమనడం ఎలా అని అత్తగారికి భయం. పెద్దకొడుకుని పిలిచి, మీ నాన్నగారిని కాస్త మెల్లిగా మాట్లాడమనరా అంది. పెద్దకొడుక్కి అంతకన్నా భయం. మంత్రిని పిలిచి, నాన్నగారి గొంతు ఏటి అడుగుదాకా వినబడుతోందట అన్నాడు. మంత్రి సంగతి అడగాలా? రాజుగారి ముందు వంగి, మహారాజా, తమరి గొంతు వినడానికే చేపలన్నీ ఏటి అడుగున గుమిగూడాయట అన్నాడు. రాజుగారు పొంగిపోయి పద్యం ఎత్తుకున్నాడు. ఊ కొడుతున్నారా? నాకిది చెప్తుంటేనే ఒళ్ళు మండుతోంది.

నాంచారు మళ్ళీ అత్తగారికి చెప్పింది. అత్తగారు పెద్దకొడుక్కి, పెద్దకొడుకు మంత్రికి, మంత్రి రాజుగారికి. ఈసారి ఏమైందనుకున్నారు? డప్పులవాళ్ళొచ్చారు. పద్యానికి తాళం ఉంటే చేపలు ఇంకా దగ్గరికొస్తాయని మంత్రి పిలిపించాడు. ఏట్లో చేప అన్నది ఉంటే ఆ దెబ్బకి సముద్రంలో తేలుంటుంది.

మధ్యాహ్నానికి పిల్లది పాలు తోసేసింది. అన్నం, అన్నం అని ఏడ్చి ఏడ్చి, ఏడవడానికి ఓపిక లేక తల్లి భుజం మీద వాలిపోయింది. నాంచారు మూతలేసిన కుండల్ని చూసింది, భుజం మీద కూతుర్ని చూసింది. పుట్టింటికి పంపితే పంపనీ అనుకుంది. పిల్లదాన్ని ఎత్తుకుని తిన్నగా ఏటి ఒడ్డుకి వెళ్ళి మామగారి ఎదురుగా నిలబడింది. అత్తగారు గుండె పట్టుకుంది. డప్పులు ఆగిపోయాయి.

"మామగారూ, మీరు నోరు మూసుకుని కూర్చుంటేనే చేప పడుతుంది" అంది.

పుట్టి బుద్ధెరిగాక ఆయనతో అలా ఎవరూ అనలేదు. మాట పడిపోయినట్టు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. ఎవరూ కిక్కురుమనలేదు. ఏటి నీళ్ళ చప్పుడు అప్పుడు వినబడింది వాళ్ళకి. కాసేపు గడిచింది, ఇంకాసేపు గడిచింది, బెండు బుడుంగున మునిగింది. లాగితే ఏముంది, వేలెడంత పరిగె పిల్ల. వేలెడైతేనేం, చేపే కదా.

గబగబా పులుసు పెట్టారు. రాజుగారు విస్తరి ముందు కూర్చుని, మొదటి ముద్ద తాను తినకుండా మనవరాలి నోట్లో పెట్టాడు. పెట్టి, కోడలి వైపు తిరిగాడు. "ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"పొద్దుటి నుంచీ చెప్తూనే ఉన్నాను మామగారూ. మీదాకా రాలేదు."

రాజుగారు రాణి వంక చూశాడు, కొడుకు వంక చూశాడు, మంత్రి వంక చూశాడు. ముగ్గురూ విస్తళ్ళలోకి చూసుకున్నారు. ఆ సాయంత్రం పదిహేను బళ్ళు కోటకి తిరిగెళ్ళిపోయాయి, మంత్రీ, డప్పులూ, రుబ్బురోలుతో సహా. మిగిలిన రెండు రోజులూ ఏటి ఒడ్డున మామగారొకవైపు, కోడలొకవైపు గాలాలేసుకుని కూర్చున్నారు. ఆకలేసినవాళ్ళు ఆకలేసినప్పుడు తిన్నారు. ఆ ఇంట్లో ఆ రెండు కట్టుబాట్లూ మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కాబట్టి ఎవరికి చెప్పాల్సింది వాళ్ళకే చెప్పండర్రా, మొహం మీదే చెప్పండి. అమ్మమ్మా, కథ బాలేదు అనాలన్నా నాతోనే అనండి, మీ అమ్మతో కాదు. ఇక కథ కంచి దారి పట్టింది, మనం మంచం దారి పడదాం, జరగండి.